చలికి భయపడే సౌరయంత్రం

ఎండలకు పేరుబడ్డ మన హైదరాబాదులో సోలార్ పలకలకు చలిగండం ఉందంటే నవ్వుతారేమో! 1998లో సైబర్ టవర్స్ వెలసిన మాదాపూర్‌లోనే, మా అద్దెగది మేడమీద రెండు పలకలు బిగించబోయాం. ఒక్కోదాని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 49. సిరీస్‌లో కలిపితే 98. ఛార్జ్ కంట్రోలర్ హద్దు 100.

"సరిపోయింది కదరా!" అన్నాడు మిత్రుడు.

కానీ ఆ 98 అన్నది 25 డిగ్రీల దగ్గరి లెక్క. సిలికాన్ చల్లబడేకొద్దీ డిగ్రీకి సుమారు 0.3 శాతం వోల్టేజి పెరుగుతుంది. డిసెంబరు ఉదయం 10 డిగ్రీలకు దిగితే 102 దాటుతుంది. ఇక కంట్రోలర్ కాలిపోవచ్చు!

అందుకే ప్యారలల్‌లో కలిపాం. వోల్టేజి 49 దగ్గరే ఉంది, కరెంటు రెట్టింపయింది. మా 24 వోల్టుల బ్యాటరీకి అది చాలు.

మేడలెక్కే మిత్రులారా! ఏడాదిలో బాగా వణికించే ఉదయాన్ని తలచుకుని లెక్క కట్టండి.