నీలి టిక్కుల హాజరు

పిల్లలూ, బడిలో హాజరు పిలవటం మీకు తెలిసిందే. అయ్యవారు పేరు పిలుస్తాడు, మీరు "ప్రెజెంట్ సార్" అంటారు, ఆయన పట్టీలో ఒక గీత గీస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు నేనూ అలాగే గీస్తూ వచ్చాను. రాని స్నేహితుడికి బదులు ఎవడైనా గొంతు మార్చి పలికితే ఇట్టే పట్టుకునేవాణ్ణి. అటువంటిది, ఉద్యోగం చివరి రోజులలో నాలుగు నెలల పాటు నేను వేసిన హాజరు తప్పుల తడక అని తేలింది. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

మాది ప్రొద్దుటూరు. 1983లో ఉద్యోగంలో చేరి, కడప జిల్లాలో అయిదారు ఊళ్ళలో పని చేసి, చివరికి జమ్మలమడుగు నుంచి ముద్దనూరు వెళ్ళే దారిలో ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి అయినాను. పేరు పెద్దదే కాని, బడిలో ఉన్నది ఇద్దరమే: నేనూ, ఒక చిన్న టీచరమ్మా.

కొత్త పనిముట్లంటే నేను భయపడే మనిషిని కాను. 1987లో "ఆపరేషన్ బ్లాక్ బోర్డు" అనే పథకం మొదలయింది. దాని పుణ్యమా అని మా బడికి భూగోళమూ, పటాలూ, సైన్సు పెట్టె వచ్చాయి. పిల్లలు పాడు చేస్తారని కొందరు అటువంటివి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. నేను వెయ్యలేదు. రెండేళ్ళు తిరిగేసరికి మా భూగోళం మీద ఆఫ్రికా ఊడిపోయింది. అయితేనేం, ఆఫ్రికా ఎక్కడ ఉండాలో మా పిల్లలకు బాగా తెలుసు!

టెలివిజన్ పాఠాలు అంతకన్న పాతవి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం సాయంతో, మన దేశంలో ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు. ఈ ముచ్చట నేను ట్రైనింగులో ఉండగా విన్నదే తప్ప చూసింది కాదు. నేను చూసింది రేడియో. ఆకాశవాణిలో "విందాం నేర్చుకుందాం" అని పాఠాలు వచ్చేవి. రేడియోలోని అక్కయ్య "పిల్లలూ, లేచి నిలబడండి!" అంటే తరగతి అంతా లేచి నిలబడేది. ఎవడు నిలబడలేదో, ఎవడు పక్కవాణ్ణి గిల్లుతున్నాడో నాకు కనిపించేది. ఇది కాస్త గుర్తుంచుకోండి.

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్లో పాఠాలు చెప్పేవారు. కాని మా టీచరమ్మ, "సార్, మన పిల్లలకు మన గొంతు వినిపించాలి," అన్నది. తలిదండ్రుల ఫోను నంబర్లు పోగుచేసి వాట్సాప్‌లో గ్రూపు కట్టింది. నాకు పాఠం వీడియో తియ్యటం నేర్పింది. నా వయసులో సగం కూడా లేని అమ్మాయి దగ్గర పాఠం నేర్చుకోవటం మొదట్లో చిన్నతనంగా తోచిన మాట నిజం.

మొదటి వీడియో సంగతి వినండి. బల్ల మీద పుస్తకాల దొంతి, దానికి ఆనించి ఫోను, ఎదురుగా నేను. తీసివేత లెక్క. 52లోంచి 27 తియ్యాలి. చీపురు పుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టి, "రెండులోంచి ఏడు పోదు కనక, పదుల ఇంటికి వెళ్ళి ఒక కట్ట అప్పు తెచ్చుకుందాం," అంటూ పన్నెండు నిమిషాలు చెప్పాను. తీరా చూస్తే నేను ఎర్ర మీట నొక్కనే లేదు. రెండోసారి నొక్కాను. ఈసారి నా తల సగమే పడింది. మూడోసారి బాగానే వచ్చింది కాని, నా ముఖం నేను చూసుకుంటే, మాటకు ముందొక "అంటే" మాటకు వెనక ఒక "అంటే"! ఇన్నేళ్ళూ పిల్లలు ఎలా భరించారో అనిపించింది.

పన్నెండు నిమిషాల వీడియో పల్లెలో చాలామంది ఫోన్లలో దిగలేదు. అందుకని మూడు నిమిషాలకు కుదించాను. పన్నెండు నిమిషాలలో చెప్పేది మూడు నిమిషాలలో చెప్పవచ్చునని తెలుసుకోవటానికి నాకు అరవై ఏళ్ళు దగ్గర పడవలసి వచ్చింది.

ఇక హాజరు. వాట్సాప్‌లో మనం పంపిన సందేశం కింద చిన్న టిక్కులు కనిపిస్తాయి. ఒక టిక్కు ఉంటే మన దగ్గరి నుంచి వెళ్ళిందని అర్థం. రెండు ఉంటే చేరిందని. ఆ రెండూ నీలిరంగుకు మారితే తెరిచి చూశారని. గ్రూపులో అయితే అందరూ చూసినదాకా నీలిరంగు రాదు. కాని ఆ సందేశం మీద వేలు అదిమిపట్టి వివరాలు అడిగితే, ఎవరెవరు చూశారో పేర్ల పట్టీ వస్తుంది. ఇది తెలిసిన రోజున నా సంతోషానికి మేర లేదు. ఒక నోటుపుస్తకం కొని, రోజూ రాత్రి ఆ పట్టీ చూసి హాజరు వెయ్యటం మొదలుపెట్టాను.

ఆ పుస్తకంలో మూడో తరగతి చదివే ఒక పాపకు ఒక్క రోజైనా ఖాళీ లేదు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు, ఎప్పుడు చూసినా ఆ ఇంటి ఫోను పేరు పట్టీలో ఉండేది. "చూడండి, ఈ పాపను చూసి నేర్చుకోండి," అని గ్రూపులో చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాను.

దసరా వెళ్ళాక, కొత్త పుస్తకాలు ఇవ్వటానికి ఇంటింటికీ తిరిగాను. పాప ఇంటి ముందు నల్లబండ అరుగు మీద కూర్చుని, పలక తెమ్మని, "52లోంచి 27 తియ్యమ్మా," అన్నాను. పాప చకచకా రాసి చూపించింది: 35.

ఆ తప్పు ఎలా వస్తుందో పంతుళ్ళందరికీ తెలుసు. రెండులోంచి ఏడు పోదు కనక, ఏడులోంచి రెండు తీసేస్తారు. పాఠం విననే వినని పిల్లలు చేసే తప్పు అది.

"ఫోనులో పాఠం చూశావు కదమ్మా?" అన్నాను.

పాప తలవంచుకున్నది. లోపలి నుంచి వాళ్ళ జేజి వచ్చి, "పాప యాడ చూసిండాది అయివోరూ! ఫోను వాళ్ళ నాయన జోబులో గదా ఉండేది. పొద్దన్నే పులివెందల పక్క చీనీ తోటలకు కూలికి పోతే మళ్ళా రాత్రికే వచ్చేది. అప్పటికి ఇది నిద్ర పోతాది," అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఫోను తెరిచినందుకు నేను పిల్లకు హాజరు వేశాను. పైగా చప్పట్లు!

ఆఖరి బస్సు పోతే పోయిందని ఆ తండ్రి వచ్చేదాకా కూర్చున్నాను. చీకటి పడ్డాక వచ్చాడు. నన్ను చూసి కంగారుపడి, "ఏం సార్, పాప ఏమన్నా తప్పు చేసిందా?" అన్నాడు.

"తప్పు నాది. పాఠాలన్నీ తెరిచినట్టు నా లెక్కలో ఉన్నదే, ఎవరు తెరిచారు?" అన్నాను.

అతను కాసేపు నసిగి, "నేనే సార్," అన్నాడు. "మద్యాన్నం బువ్వ తిన్యాక చెట్టు కింద పండుకోని చూస్తా. నేను నాలుగో తరగతిలో బడి మానేసినా. ఈ అప్పు తెచ్చే లెక్క నాకు అప్పుడు రాలే సార్. మీరు పుల్లలతో చెప్పినాక తెలిసింది."

పాప చేతిలో పలక తీసుకుని, 52 కింద 27 రాసి, పెదవులు కదుపుతూ, 25 వేశాడు.

నా నోటుపుస్తకం పూర్తిగా అబద్ధం చెప్పలేదన్న మాట. నాలుగు నెలలుగా ఒక విద్యార్థి శ్రద్ధగా హాజరవుతూనే ఉన్నాడు. పట్టీలో పేరు లేనివాడు!

"సరే అయితే. నువ్వు నేర్చుకున్నావు గనక రోజూ రాత్రి మూడే మూడు లెక్కలు పాపతో పుల్లలు పెట్టి చేయించు. ఫోను అక్కర్లేదు," అన్నాను. అతను నవ్వి, "నేనా సార్, అయివోరినా!" అన్నాడు. ఆ రాత్రి నన్ను తన బండి మీద జమ్మలమడుగు దాకా దింపి వెళ్ళాడు.

తరవాత మిగిలిన ఇళ్ళు కూడా గాలించాము. ఒక ఇంట్లో ఫోను పదో తరగతి అన్న చేతిలో. ఒక ఇంట్లో మీటల ఫోను, దానికి వాట్సాపే లేదు. ఒక ఇంట్లో మాత్రం పిల్లవాడు ప్రతి పాఠమూ పదేసి సార్లు చూసి, నా దగ్గు కూడా అచ్చం నాలాగే దగ్గి చూపించాడు.

టీచరమ్మా నేనూ కూర్చుని పద్ధతి మార్చుకున్నాము. పాఠం ఉదయం కాక, ఫోను ఇల్లు చేరే వేళకు, రాత్రి ఏడున్నరకు పంపేవాళ్ళం. బొమ్మ అవసరం లేని పాఠమైతే గొంతు సందేశమే. వీడియోకు పట్టే డేటాలో దీనికి పదో వంతు కూడా పట్టదు. మీటల ఫోనువాళ్ళకు మామూలుగా ఫోను చేసి మాట్లాడాము. ఇక హాజరు నీలి టిక్కులకు కాదు. పిల్ల తన గొంతుతో జవాబు చెప్పి పంపితేనే. కొన్ని జవాబుల వెనక తల్లి గుసగుసగా అందించటం కూడా వినిపించేది. అందుకు నేను మార్కులు తగ్గించలేదు.

2021 ఫిబ్రవరి 1న చిన్న తరగతులు మళ్ళీ తెరిచారు. పాప అరటినారతో కట్టిన పుల్లల కట్టలు సంచీలో వేసుకుని వచ్చింది. తీసివేతలు చక్కగా చేసింది. కాని తెలుగు వాచకం తెరిస్తే, రెండో తరగతిలో గడగడ చదివిన పిల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నది. ఆమె ఒక్కతే కాదు, సగం తరగతి అంతే. ఫోనులో లెక్కలు చెప్పగలిగాను కాని చదవటం నేర్పలేకపోయాను. పిల్లలు చదివేటప్పుడు పంతులు పక్కన కూర్చుని వరస కింద వేలు పెట్టాలి. తడబడిన చోట ఆగాలి. ఆ పనికి సరిపోయే పనిముట్టు నేనింతవరకు చూడలేదు.

అయితే ఫోనును ఊరికే పక్కన పడేశానా? లేదు. పాఠ్యపుస్తకాలలో నల్లచుక్కల చదరం ఒకటి అచ్చువేసి ఉంటుంది చూడండి, దాన్ని క్యు.ఆర్. కోడు అంటారు. 2017లో మొదలైన "దీక్ష" అనే ఆప్‌తో దానిని చూపిస్తే ఆ పాఠం తాలూకు వీడియో వస్తుంది. మొదటి రోజు ఎండ పడి పేజీ మెరిసి, ఎంతసేపటికీ రాలేదు. పాప లేచి వచ్చి తన పలక అడ్డం పెట్టి నీడ చేసింది. వెంటనే వచ్చింది!

ఈ కోడు మన వాకిట్లో ముగ్గు వంటిదే. 1994లో జపానులో డెన్సో వేవ్ అనే సంస్థలో మసాహిరో హారా అనే ఇంజనీరు, అతని జట్టువారు దీనిని తయారు చేశారు, కారు భాగాలను గుర్తుపట్టటానికి. నల్లగడి, తెల్లగడి అంటే కంప్యూటరు భాషలో ఒకటి, సున్న. మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలుంటాయి. అవి కనిపిస్తేనే, ముగ్గు ఎక్కడ మొదలైందో, తలకిందులుగా ఉన్నదో ఏమో, ఫోనుకు తెలుస్తుంది. ఇంకొక తమాషా: చెప్పవలసిన సంగతికి తోడు, అది చెడిపోతే సరిదిద్దుకోవటానికి కావలసిన లెక్క కూడా అందులోనే దాచి పెడతారు. గట్టిగా తయారు చేసిన కోడులో నూటికి ముప్ఫై వంతుల దాకా చెరిగినా ఫోను చదువుతుంది. మా పిల్లలు కోడు మధ్య చిన్న సుద్దముక్క పెట్టి చూశారు, పాఠం వచ్చింది. మూల చదరం మీద పెట్టారు, రాలేదు. మీరూ చేసి చూడండి.

ఏప్రిలులో బళ్ళు మళ్ళీ మూసేశారు. 2021 జూన్ నెలాఖరున నేను పదవీ విరమణ చేశాను. వీడ్కోలుకు పిల్లలు ఎవరూ లేరు. టీచరమ్మకు తాళాలు అప్పగించి, వేపచెట్టు కింద బస్సు కోసం నిలబడి ఉండగా, ఫోను మోగింది. గొంతు సందేశం.

"సార్, భాగారం పాఠం ఎప్పుడు పెడతారు? పాప అడగమనింది." తండ్రి గొంతు.

దాని వెనకే దూరం నుంచి పాప అరుపు: "నేను కాదు సార్, మా నాయనే!"

బస్సు ఎక్కకుండా వెనక్కు వెళ్ళి, టీచరమ్మ దగ్గర తాళాలు అడిగి, చీపురు పుల్లలు బల్ల మీద పరిచాను. ఈసారి ఎర్ర మీట నొక్కటం మరిచిపోలేదు.