రేకు గోడను తాకే చోట

రేకుల కప్పు నడిమధ్యలో కారడం అరుదు. కారేది గోడను తాకిన చోట. విశాఖపట్నంలో మేడ మీద మెట్లగది గోడకు ఆనించి రేకులు దించుకోని వీధి ఇప్పుడు లేదు. వానలు మొదలవగానే ఆ ఇళ్ళన్నింట్లోనూ ఒకటే గోల: గోడ వెంట నీరు దిగుతోంది, రంగు పొంగి ఊడుతోంది, స్విచ్‌బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటోంది. చినవాల్తేరులో మా అక్కావాళ్ళ ఇల్లూ అలాగే ఉరుస్తోంది. పైకెక్కి చూస్తే రేకులు నిక్షేపంగా ఉన్నాయి. రేకుకూ గోడకూ మధ్య సందును కప్పుతూ బిగించిన మూల రేకు మాత్రం చిల్లులు పడింది. పనివాళ్ళు ఫ్లాషింగ్ అనేది దాన్నే. ఒక ముక్క ఊడదీసి సంచిలో వేసుకుని, కొత్తది ఏ లోహంతో చేయించాలో అడుగుదామని గాజువాక ఆటోనగర్‌కు వెళ్ళాను.

లారీల బాడీలు కట్టేవాళ్ళు, లేత్ మిషన్లు, వెల్డింగ్ షెడ్లు దాటాక రేకులు వంచే చిన్న వర్క్‌షాపు ఉంది. లోపల పొడవాటి బెండింగ్ మిషను, గోడ వారన చుట్టలు చుట్టిన రంగు రేకులు, నేల మీద సన్నటి కత్తిరింపులు. ఉక్కునగరంలో ఉక్కు రేకుకు కొదవేమిటి అనుకుంటాం గానీ ఆ చుట్టల్లో ఒక్కటీ మన ఊరిది కాదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న స్టీల్‌ప్లాంటు కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళు, చానళ్ళు తీస్తుంది, రేకు తీయదు. ఇంటి స్లాబులో కడ్డీ కూర్మన్నపాలెం నుంచి వచ్చి ఉండొచ్చు, పైన కప్పిన రేకు మాత్రం ఏ రాష్ట్రం నుంచో రావాల్సిందే.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. ఏ రేకు మంచిదని అడిగితే జవాబు చెప్పలేదు.

"రేకు సంగతి తర్వాత సెప్తాను బాబూ. ముందు మీ గోడ ఏటో సెప్పండి. ఇటుకా, కాంక్రీటా? పూత ఉందా? సముద్రం ఎంత దూరం? గోడకి ఏసీ డబ్బా ఏమైనా తగిలించారా?"

ఏసీ ఉందన్నాను. తల ఊపి, చెయ్యి చాపాడు. సంచిలోంచి ముక్క తీసి ఇచ్చాను.

దాన్ని వెలుతురుకేసి పట్టి ఆయన చదివిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది. వానకు తడిసే బయటి వైపు కొంచెం తెల్లబడింది తప్ప గట్టిగానే ఉంది. తిరగేస్తే లోపలి వైపు వేలికి అంటుకునే తెల్లటి పొడి, దాని కింద ఎర్రటి తుప్పు. వాన తగలని వైపే ఎక్కువ పాడవడం నాకు వింతగా తోచింది. "వాన కడుగుతాది బాబూ. సముద్రం గాలికి ఉప్పు రెండు పక్కలా పడతాది. బయటి ఉప్పుని వాన పట్టుకుపోతాది, లోపలిది అక్కడే ఉండి చెమ్మ పీల్చుకుంటాది." ఉప్పు గాలిలోని తేమను తానే లాక్కుంటుంది. అందుకే వాన లేని రోజుల్లోనూ రేకు లోపలి వైపు తడిగానే ఉంటుంది. బొగ్గు, ఇనుప ఖనిజం ఎక్కి దిగే రేవు ఊరు కాబట్టి దుమ్ముకూ కొదవ లేదు. ఆ దుమ్ము పొర ఉప్పునూ తడినీ పట్టి ఉంచుతుంది.

తర్వాత పై అంచు చూపించాడు. గోడకు ఆనించి సిమెంటు పట్టీ వేసిన అంచు అది. అరంగుళం మేర రేకు లేనే లేదు, అరిగి కాగితమై విరిగిపోయింది. "ఇది ఉప్పు తిన్నది కాదు. సిమెంటు తినీసింది." పచ్చి సిమెంటు ఘాటైన క్షారం. జింకునూ అల్యూమినియాన్నీ రెంటినీ కొరుకుతుంది. పైగా ఆ పట్టీ ఎండకు కదిలే రేకును కదలకుండా నిలిచే గోడకు అతికిస్తుంది. ఒక వేసవి గడిచేసరికి వెంట్రుకవాసి బీట వస్తుంది. ఆ బీటలోంచి నీరు రేకు వెనక్కి దిగుతుంది. విశాఖలో నేను చూసిన ఉరుపుల్లో సగానికి పైగా ఇదే కథ. నీరు కారితే మళ్ళీ సిమెంటే పూస్తారు, అది మళ్ళీ బీటలిస్తుంది.

మూడోది, ముక్క మధ్యలో వరసగా నాలుగు చిల్లులు. ఇంటి దగ్గర వాటికి పైన గోడ మీద ఏసీ రాగి గొట్టం పోతోంది. దాని ఫోమ్ తొడుగు ఎండకు పొడిపొడిగా రాలిపోవడం నేనూ గమనించాను, కానీ దీనికీ దానికీ సంబంధం ఉంటుందని తట్టలేదు. ఒట్టి రాగి మీద నుంచి జారే నీరు కంటికి కనపడనంత రాగిని మోసుకొస్తుంది. అది జింకు మీద పడిన చోట చిన్న బ్యాటరీ పుడుతుంది, జింకు కరిగిపోతుంది. రాగి, జింకు ఒకదాన్నొకటి ముట్టుకోనక్కర్లేదు. పైనుంచి నీరు కారితే చాలు.

కాబట్టి లోహాన్ని దాని గొప్ప చూసి కాదు, దాన్ని ఏమేం తాకుతాయో చూసి ఎంచుకోవాలి. అంచనా పత్రాల్లో ఈ మూల రేకుకు ఒక్క వాక్యం కూడా దక్కదు. కప్పు రేకుకు బ్రాండు, మందం, రంగు, గ్యారంటీ అన్నీ రాస్తారు. ఫ్లాషింగ్‌కు "తగిన విధంగా" అని రాసి వదిలేస్తారు. తీరా బిగించే రోజున మిగిలిన ఏదో జీఐ ముక్క వంచి పెట్టేస్తారు. మా అక్కావాళ్ళ ఇంట్లో జరిగింది అదే.

జీఐ అంటే జింకు పూత వేసిన ఉక్కు. ఆ జింకును ఒకప్పుడు మన ఊళ్ళోనే తీసేవారు. ఆటోనగర్‌కు ఎంతో దూరం లేని మింది దగ్గర 1977లో మొదలైన హిందుస్థాన్ జింక్ కర్మాగారం 2012లో మూతపడింది. జింకు ఉక్కుకు బదులు తాను ముందు కరుగుతుంది, అది ఉన్నంతకాలం ఉక్కుకు తుప్పు రాదు. అందువల్ల పూత ఎంత మందమన్నదే అసలు లెక్క. ఐఎస్ 277 ప్రమాణంలో 275 తరగతి అంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు. ఒక్కో వైపు దాదాపు 20 మైక్రాన్లు. సన్నటి చవక రేకులు 120 తరగతిలోనూ దొరుకుతాయి, వాటి మీద పూత 8 మైక్రాన్ల పైచిలుకే. ఉప్పు బాగా పడే తీరాలను అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9223 సి5 అంటుంది. అక్కడ జింకు ఏటా 4.2 నుంచి 8.4 మైక్రాన్లు కరుగుతుంది. భాగించి చూసుకుంటే 120 తరగతి రేకు ఒకటి రెండేళ్ళు, 275 అయితే రెండున్నర నుంచి ఐదేళ్ళు. అదే రేకు సముద్రానికి దూరంగా, ఉప్పు అంతగా చేరని ఊళ్ళో పది పదిహేనేళ్ళు హాయిగా నిలబడుతుంది. ఒకే దుకాణంలో కొన్న ఒకే రేకు ఒకరికి మంచిదై మరొకరికి చెడ్డదవడం ఇందుకే.

ఇప్పుడు ఎక్కువ నడుస్తున్నది గాల్వాల్యూమ్. అమెరికాలో బెత్లెహెం స్టీల్ కంపెనీ 1972లో మార్కెట్లోకి తెచ్చిన పూత ఇది: అల్యూమినియం 55 శాతం, జింకు దాదాపు 43.5, మిగిలింది సిలికాన్. అల్యూమినియం తేలిక కనుక 150 గ్రాములకే 20 మైక్రాన్ల మందం వస్తుంది, 275 గ్రాముల జింకుతో సమానం. తరగడం మాత్రం జింకు కంటే చాలా నెమ్మది. దాని మీద రంగు పూత కూడా ఉంటే ఇంకా మేలు. అయితే దీనికి సిమెంటు అస్సలు పడదు. ఇంకో చిక్కు, గాల్వాల్యూమ్ కప్పు మీది నీటిని మామూలు జీఐ గట్టర్లోకి వదలకూడదు. ఆ రేకు మీద నుంచి వచ్చే నీటిలో జింకు కలవదు, అందుకని నీటిబొట్లు పడ్డ చోటల్లా గట్టరు జింకును అది కరిగించుకుంటుంది. కప్పు మార్చి గట్టరు మార్చనివాళ్ళకు ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు.

మేస్త్రి దగ్గర నేర్చుకున్న రెండు చిన్న విషయాలు ఏ కేటలాగులోనూ ప్రముఖంగా కనిపించవు. గాల్వాల్యూమ్ మీద పెన్సిలుతో గీయకూడదు. అందులోని గ్రాఫైట్ గీత వెంట తుప్పుకు దారి వేస్తుంది. ఆయన మార్కర్‌తో గీస్తాడు. రేకును గ్రైండరుతో కోయకూడదు. నిప్పురవ్వలు పూతను కాలుస్తాయి, ఎగిరిన ఇనుప రజను రంగులో గుచ్చుకుని వారం తిరక్కుండా ఎర్రటి చుక్కలవుతుంది. నా ఎదురుగానే ఒక కుర్రాడు గ్రైండరు అందుకోబోతే "ఒరే, కత్తెర తీయ్‌రా" అని కేకేశాడు.

అల్యూమినియం సముద్రం పక్కన బాగా నిలుస్తుంది. కానీ అది పచ్చి గోడకూ, రేకును మోసే ఒట్టి ఇనుప పర్లిన్‌కూ తగలకూడదు, మధ్యలో బిటుమెన్ పెయింటో రబ్బరు పట్టీయో ఉండాలి. ఎండకు ఉక్కు కంటే రెండింతలు సాగుతుంది కూడా. మూడు మీటర్ల ముక్క 40 డిగ్రీల తేడాకు ఉక్కయితే ఒకటిన్నర మిల్లీమీటర్లు, అల్యూమినియమైతే దాదాపు మూడు. స్టెయిన్‌లెస్‌లో 304 రకం బీచ్ దగ్గర గోధుమ మచ్చలు పడుతుంది, మాలిబ్డినం కలిసిన 316 తట్టుకుంటుంది గానీ ఇళ్ళకు అంత ధర పెట్టడం నాకు సమ్మతం కాదు. దానికి మామూలు జింకు స్క్రూలు వాడితే ఆ స్క్రూలే ముందు పోతాయి. సీసం ఇంగ్లండు ఇళ్ళకు పాతకాలపు అలవాటు. వాననీళ్ళు పట్టుకునే మన మేడల మీద దాని ఊసే వద్దు.

లోహం ఎంత మంచిదైనా గోడతో ముడి సరిగ్గా పడకపోతే దండగే. మేస్త్రి ఎప్పుడూ ఒకే ముక్కతో పని ముగించడు. కింది ముక్క రేకుకు బిగిసి గోడ వారన పైకి లేస్తుంది, గోడకు మాత్రం బిగించడు. పై ముక్క గోడలో దూరి, కింది ముక్క మీదుగా వేలాడుతుంది. కప్పు సాగినా కుంగినా కింది ముక్క దానితో పాటు కదులుతుంది, పై ముక్క గోడతో ఉండిపోతుంది. రెంటి మధ్యా సిమెంటు లేదు, జిగురు లేదు. నీరు పైనుంచి కిందికి దిగడానికి పొరలు చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటే చాలు. పై ముక్క దూరడానికి గోడలో అంగుళం లోతు గాడి కోయాలి. గోడ మీద పూసిన సిలికాన్ గీత గాడికి ప్రత్యామ్నాయం కాదు, అది కొన్నాళ్ళకు ఊడిపోతుంది. గాడిలో నింపే సిలికానైనా వాసన చూసి కొనాలి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే అది ఆరేటప్పుడు ఆమ్లం వదిలే రకం, జింకుకు చేటు. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే మన ఊరికి వచ్చేది నిలువు వాన కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది, విమానాశ్రయం కప్పు కూడా దెబ్బతింది. భవనాల గాలి లెక్కలు చెప్పే ఐఎస్ 875 విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగం లెక్కలోకి తీసుకోమంటుంది, అదీ గంటకు 180 కిలోమీటర్లే. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. అంచుల దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ. అంచే ఫ్లాషింగ్ ఉండే చోటు. ఒక పక్క లేచిందంటే గాలి దాని కింద దూరి మొత్తం రేకును ఒలిచేస్తుంది. అందుకే మేస్త్రి కింది అంచును లోపలికి మడిచి బలం చేస్తాడు, అడుగుకో స్క్రూ వేస్తాడు, ప్రతి స్క్రూకూ నల్ల రబ్బరు వాషరు పెడతాడు, రెండు ముక్కలు కలిసే చోట ఆరంగుళాలు ఎక్కిస్తాడు.

అక్కావాళ్ళ ఇంటి కప్పు రంగు పూసిన గాల్వాల్యూమ్. కనుక మూలకూ అదే తరగతి, అదే మందం, 150 గ్రాముల పూత, 0.5 మి.మీ. అని తేల్చుకున్నాం. మేస్త్రి రేకు వెనక్కి తిప్పి అచ్చు వేసి ఉన్న అక్షరాలు చూపించాడు: కంపెనీ, మందం, పూత. అచ్చు లేని రేకు ఎంత తక్కువకిచ్చినా కొనొద్దన్నాడు. ఇల్లు అలలకు ఎదురుగా ఉండుంటే అల్యూమినియమే ఇచ్చేవాడినన్నాడు. గాడిలో దూరే అంచుకు బిటుమెన్ పెయింటు వేయించాలి. ముందు తాపీమేస్త్రి వచ్చి పాత పట్టీ కొట్టి గాడి కోయాలి, దుమ్ము పోయేలా కడిగి ఆరనివ్వాలి. ఏసీ గొట్టానికి కొత్త తొడుగు చుట్టించాలి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు ముందే ఇదంతా అయిపోవాలి.

డబ్బు లెక్క చూసుకుని లేస్తుంటే వెనక్కి పిలిచాడు. "మీ అక్కగారికి సెప్పండి బాబూ. సంక్రాంతికీ ఉగాదికీ ఇల్లు కడుగుతారు కదా, ఆ నీళ్ళ పైపు మేడ మీదికి కూడా పట్టమనండి. సన్‌షేడు కింద వాన తగలని రేకుంటాది, దాని మీద మంచినీళ్ళు కొట్టాల. బోరునీళ్ళు కొట్టీకండి, మీ పక్క బోరు ఉప్పగా ఉంటాది."