నలభై ఏడు పాల ఐసులు

గత సంక్రాంతికి హైదరాబాదులో మా అబ్బాయి యింట ఒక చిన్న పరీక్ష జరిగినది. పరీక్షాధికారి మావాడు, అభ్యర్థిని ఆరేళ్ళ నా మనుమరాలు. ఎవరో ఫోనుకు పంపిన వీడియో ఒకటి చూచి, మావాడు భోజనాల బల్ల మీద ఒక ఆత్రేయపురం పూతరేకు పెట్టి, "నేను అయిదు నిమిషాల్లో వస్తా. అంతవరకూ తినకుండా ఉంటే ఇంకోటి ఇస్తా. తినేశావో, ఇదొక్కటే!" అని చెప్పి గదిలోకి వెళ్ళినాడు. (ఆత్రేయపురం పూతరేకును ఎదుట పెట్టి ఆత్రపడవద్దనుటలోని చమత్కారం వాడికి తట్టలేదు. ఇంగ్లీషు మీడియంలో చేర్పించినవాడిని నేనే కనుక ఎవరినీ అనుటకు లేదు.) తలుపు మూసిన చప్పుడు వినబడీ వినబడకముందే పూతరేకు మాయమైనది.

మావాడు బయటికి వచ్చి మొగం వేలవేసినాడు. "చూశారా నాన్నా! పది నిమిషాల్లో సరుకులు గుమ్మంలోకి వచ్చే కాలంలో పుట్టినవాళ్ళు. ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాడు. నేనూ గంభీరంగా తల పంకించినాను. 34 ఏళ్ళ పాటు తరగతి గదులలో ఇంచుమించు ఆ మాటనే చెప్పినవాడిని కదా! అప్పుడా పిల్ల పెదవులకంటిన చక్కెరపొడి తుడుచుకొంటూ, ఏమాత్రం బెదరు లేకుండా అన్నది:

"నువ్వు అయిదు నిమిషాలంటే గంట కదా నాన్నా!"

ఇంట్లో అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు వెదకి చదివినాను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలలో 1960ల చివర వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పరీక్ష అది. మార్ష్‌మాలో అనే మెత్తటి చక్కెర మిఠాయి పేరుతో లోకమంతా ప్రసిద్ధి చెందినది. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులలో మెరుగుగా కనబడినారని తరువాతి సంవత్సరాలలో తేలడంతో, ఓపికను గురించి ఉపన్యసించే నా బోటివారందరికీ అది పెట్టనికోట అయినది. అయితే 2018లో 900 మందికి పైబడిన పిల్లల వివరాలతో ఇంకొందరు మళ్ళీ చూచినారు. ఇంటి స్థితిగతులను లెక్కలోకి తీసుకొనేసరికి ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయినది.

నన్ను కుదిపినవి మాత్రం వేరే రెండు. స్టాన్‌ఫర్డ్ కన్న చాలా ముందు, ఇదే మిషెల్ ట్రినిడాడ్ ద్వీపంలో పిల్లలను, చిన్న మిఠాయి ఇప్పుడే కావలెనా, పెద్దది వారం తరువాత కావలెనా అని అడిగినాడు. 1958లో ప్రకటించిన ఆ వ్యాసంలో, తండ్రి ఇంట లేని పిల్లలు 'ఇప్పుడే' అన్నవైపు ఎక్కువగా మొగ్గినారని వ్రాసినాడు. రెండవది 2013లో వెలువడినది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది పిల్లలను రెండు జట్లు చేసినారు. ముందుగా రంగులూ బొమ్మలూ తెచ్చి యిస్తామని ఒక జట్టుకు చెప్పి ఇచ్చినారు, రెండవ జట్టుకు చెప్పి ఇవ్వలేదు. తరువాత మిఠాయి పెట్టి చూస్తే, మాట నిలబెట్టిన జట్టు సగటున 12 నిమిషాలు ఆగినది. మాట తప్పిన చోట 3 నిమిషాలు. మొదటి జట్టులో 14 మందికి 9 మంది చివరిదాకా నిలిచినారు. రెండవ జట్టులో ఒక్కరు!

చదివి ఫోను పక్కన పెట్టినాను. కన్నులు మూసుకొంటే ఒక బల్ల కనబడినది. దాని మీద కరిగిపోతున్న ఒక పాల ఐసు.

1992లో నేను కృష్ణకు ఈవలి గట్టున ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిని. ఎనిమిదవ తరగతికి నేనే క్లాసు మాస్టారును. పిల్లలను నాగార్జునసాగరం తీసుకువెళ్ళి, లాంచీలో కొండ మీది మ్యూజియమూ, వస్తూ వస్తూ ఎత్తిపోతలా చూపించవలెనని నా సంకల్పం. ఆగస్టు నుంచి రోజుకొక అర్ధరూపాయి చొప్పున తెచ్చి యివ్వమన్నాను. అరఠావు నోటుబుక్కులో ఎవరి పేరుకెదురుగా వారికి, బిళ్ళకొక గీత. గేటు బయట మధ్యాహ్నం ఐసుబండి గంట మ్రోగెడిది. పాల ఐసు అర్ధరూపాయి. ఆ గంట వినబడినప్పుడల్లా నేను కఠోపనిషత్తు ఎత్తుకొనేవాడిని. "ఐసు ప్రేయస్సు, సాగరం శ్రేయస్సు. బుద్ధిమంతుడు దేనిని కోరును?" పిల్లలు ముక్తకంఠంతో "శ్రేయస్సూ!" అనేవారు.

వారిలో ఒకడు కూలి చేసుకొనే తల్లి కొడుకు. తండ్రి లేడు. పేరు వ్రాయను. ఆదివారాలు గేదెలు తోలి, కోతలయ్యాక చేలలో పరిగె ఏరి అమ్ముకొని, వీలున్న రోజున ఒక బిళ్ళ తెచ్చేవాడు. చేతి చెమటతో బిళ్ళ తడిగా ఉండేది. జనవరి చివరికి వాడి పేరుకెదురుగా 47 గీతలైనవి. తరగతి మొత్తం మీద వెయ్యి రూపాయలకు కొంచెం పైన.

ఆ మాఘమాసంలో మా చెల్లెలి పెండ్లి. వ్రాయుటకు చేయి రావడం లేదు గాని, వ్రాయక తప్పదు. ఆ వెయ్యి రూపాయలు వంటబ్రాహ్మలకు ఇచ్చినాను. ఒకటో తారీఖు జీతం రాగానే సర్దవచ్చుననుకొన్నాను. జీతం వచ్చినది, అప్పులవాళ్ళూ వచ్చినారు. పిల్లలతో, "పైనుంచి అనుమతి రాలేదురా, వచ్చే యేడు చూద్దాం" అన్నాను. ఎవ్వరూ ఎదురు ప్రశ్న వేయలేదు. మాస్టారు చెప్పిన మాట కదా.

డబ్బు 1993 జూనులో, బడి తెరిచిన తరువాత తిరిగి ఇచ్చినాను. పైసలతో సహా. ఆ మధ్యాహ్నమే ఆ కుర్రవాడు తన 23 రూపాయల 50 పైసలూ పట్టుకుపోయి ఐసుబండి వద్ద మొత్తం ఖర్చు పెట్టినాడు. 47 పాల ఐసులు! తరగతికంతటికీ పంచినాడు. ఒకటి నాకూ తెచ్చి బల్ల మీద, హాజరుపట్టీ పక్కన పెట్టినాడు.

నేను దానిని ముట్టుకోలేదు. లేచి నిలబెట్టి, అందరి ముందూ, అయిదు నెలలు కూడబెట్టినది అయిదు నిమిషాలలో తగలేసిన అవివేకిని గురించి నాకు వచ్చిన భాషంతా వాడినాను. వాడు తల వంచుకొని విన్నాడు. చివర ఒక్క మాట అడిగినాడు. పొగరు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్లే ఉన్నది:

"దాచుకుంటే ఉంటయ్యా మాస్టారూ?"

కూర్చోమన్నాను. పాఠం మొదలుపెట్టినాను.

ఎంత కాలం ఆ ఉపనిషత్తు చెప్పినా, దాని మొదటి వల్లిని నేను కథగా దాటవేసి, రెండవ వల్లిలోని శ్రేయఃప్రేయోవివేకానికి పరుగెత్తేవాడినని ఇప్పుడు తెలుస్తున్నది. నచికేతుడు యముడింటికి వెళ్ళేసరికి యముడు ఇంట లేడు. పిల్లవాడు మూడు రాత్రులు ఆహారం లేక గుమ్మంలో ఉన్నాడు. తిరిగి వచ్చిన యముడు వాడి ఓపికను పరీక్షించినానని చెప్పుకోలేదు. అతిథిని నిలబెట్టిన తప్పు తనదని, నమస్కరించి, రాత్రికొక వరం చొప్పున మూడు వరాలిచ్చినాడు. తరువాతనే ప్రలోభాలూ, పరీక్షా, ఉపదేశమూ. మృత్యువు బాకీ తీర్చి మరీ పాఠం చెప్పినాడు. నేను బాకీ ఉండి చెప్పినాను.

ఈ 'ఇప్పటికిప్పుడు' తరాన్ని గురించి మనవారు చాలా నిష్ఠూరాలాడుతున్నారు. నేనూ ఆడుతూనే ఉన్నాను, అలవాటు పోదు. పది నిమిషాలలో కొత్తిమీర కట్ట తెప్పించుకొనుట నాకిప్పటికీ చోద్యమే. దానికై ఎండలో బండి తోలే కుర్రవాడిని చూస్తే దిగులే. అయినా మా యింటి లెక్క ఒకటున్నది. పది నిమిషాలన్న ఆ కుర్రవాడు ఇంచుమించు పది నిమిషాలకే వస్తున్నాడు. అయిదు నిమిషాలన్న తండ్రి గంటకు వస్తున్నాడు. ఎవరిని నమ్మవలెనో ఆరేళ్ళ పిల్లకు మనం నేర్పనక్కరలేదు. (బకాయిలు 'త్వరలో' అన్న మాట విని విని, ఈ విశ్రాంత ఉద్యోగి కూడా చేతికి వచ్చినది వచ్చినట్లే ఖర్చుపెట్టే స్థితికి చేరినాడని మనవి.)

మరునాడు ఉదయం మావాడు ఆఫీసుకు వెళ్తుంటే, "సాయంత్రం ఆ రెండో పూతరేకు దానికి ఇవ్వు" అన్నాను. "అది తినేసింది కదా, ఓడిపోయింది" అన్నాడు. "అది కాదు, నువ్వు" అన్నాను. ఏమనుకొన్నాడో, మాట్లాడకుండా చెప్పులు వేసుకొన్నాడు.

ఊరికి వచ్చి అటక మీది ట్రంకుపెట్టె దించి వెదకినాను. అరఠావు నోటుబుక్కు దొరికినది. చెదలు అంచులు తిన్నవి గాని లెక్కలు చెక్కు చెదరలేదు. 47 గీతల వరుస చివర 'ముట్టినది' అని నా వ్రాత, దాని కింద వాడి సంతకం, పేరులోని ఒత్తు తప్పుతో సహా. పక్కన తేదీ 30-1-1993 అని ఉన్నది. జూనులో వాడు సంతకం పెట్టిన తరువాత ఆ తేదీ వేసినది నేనే.