ఇచ్చోడలో ఓ ఆదివారం బ్రంచ్

హైదరాబాద్‌లో రాత్రి పదకొండింటికి బస్సెక్కితే, తెల్లారి నాలుగున్నరకు నన్ను ఇచ్చోడలో దింపేసి ఆదిలాబాద్ వైపు వెళ్లిపోయింది. జనవరి చలి. మా దగ్గర చలి అంటే హైదరాబాద్ వాళ్లు స్వెటర్ వేసుకుని సెల్ఫీ దిగే చలి కాదు. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తది. నా బ్యాగులో ల్యాప్‌టాప్, ఛార్జర్, రెండు కిలోల ఓట్స్ ప్యాకెట్లు ఉన్నాయి. ఓట్స్ బాపు కోసం.

నవంబర్‌లో బాపుకు షుగర్ పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చింది. అన్నం తగ్గించమన్నారు డాక్టర్. నేనేమో ఆఫీసులో కూర్చునే ఓట్స్ ఆర్డర్ పెట్టేసి, కొడుకుగా నా డ్యూటీ అయిపోయిందనుకున్నా. అమ్మ ఫోన్‌లో చెప్పింది: "నాలుగు దినాలు జావ తాగిండు. గిది రోగం మనుషుల తిండి, నాకద్దు అన్నడు. ప్యాకెట్లు అట్లనే ఉన్నయి." అయినా నేను ఇంకో రెండు కిలోలు మోసుకొచ్చా. ఈసారి జావ కాదు, ప్యాన్‌కేక్ చేద్దామని ప్లాన్.

ఇచ్చోడ తెలియని వాళ్లకు ఓ మాట. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది మా ఊరు. సోన్ దగ్గర గోదారి దాటి, నిర్మల్ పోయినంక ఘాట్ ఎక్కి, నేరడిగొండ దాటితే మేమే. కుంటాల జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్లు నేరడిగొండ దగ్గరే మలుపు తీసుకుని వెళ్లిపోతారు. మా దాకా రారు. వచ్చినా చూపించడానికి పెద్దగా ఏం లేదు, నల్లరేగడి భూములు తప్ప. వానాకాలం పత్తి, సోయా. యాసంగిలో శనగ, జొన్న. నేను దిగిన రోజు ఊరి బయట జొన్న చేను నడుమెత్తు దాటి ఉంది. ఆ చేను పక్క నుంచే ఓట్స్ మోసుకుంటూ ఇంటికి పోయానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

బ్రంచ్ అనే మాటను 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లిష్ రచయిత పత్రికలో రాశాడు. ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్లు పొద్దటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ కలిపి ఒకేసారి తింటే హాయిగా ఉంటుందని ఆయన వాదన. మా నానమ్మకు చెప్తే నవ్వింది. వాళ్లు లేచేది మాత్రం నాలుగింటికి. ఛాయ తాగి చేనుకు పోయి, పదిన్నరకు గట్టు మీద కూర్చుని సద్ది మూట విప్పితే జొన్న రొట్టె, ఉల్లిగడ్డ, ఎర్ర కారం. కొన్ని రోజులు పిట్ల. అవతలి మహారాష్ట్ర నుంచి వచ్చిన శనగపిండి కూర అది, మా వైపు ప్రతి ఇంట్లో ఉంటుంది. టైము చూస్తే అచ్చంగా బ్రంచే.

మరి బాపు జావ ఎందుకు తాగడు? అది నానమ్మే చెప్పింది, పొయ్యి దగ్గర కూర్చుని. బాపు చిన్నప్పుడు ఇంట్లో పొద్దూ మాపూ జొన్న గటకే. బియ్యం అంటే పండుగ. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం తెచ్చాక ఇంట్లో రోజూ అన్నం వండారు. "మీ బాపు అప్పుడు పోరడు. తెల్లన్నం చూసి గంజి గుడ తాగిండు" అంది. ఇప్పుడేమో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు. మూడు పూటలా అన్నం తినడం బాపుకు ఆకలి తీరడం ఒక్కటే కాదు, గటక రోజుల నుంచి బయటపడ్డట్టు లెక్క. నేను తెచ్చిన ఓట్స్ జావ గిన్నెలో ఎట్లా కనబడుతుంది? గటక లాగే. నేను పంపింది ఆరోగ్యం అనుకున్నా. ఆయనకు అందింది పాత పేదరికం.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టా. మా చలికి దోస పిండి పులవదు, రెండు రోజులైనా పాల లాగే ఉంటుంది. ప్యాన్‌కేక్‌కు ఆ బాధ లేదు, బేకింగ్ పౌడర్ చాలు. మొదటి ప్రయత్నంలో ఓట్స్ మొత్తం మిక్సీ పట్టి, అరటిపండు, గుడ్డు, పాలు కలిపి వెంటనే పెనం మీద పోశా. మాది రొట్టెలు కాల్చే ఇనుప పెనం, నిప్పులా ఉంది. అడుగు మాడింది, తిప్పబోతే నాలుగు ముక్కలైంది. అమ్మ ఏం మాట్లాడకుండా ఆ ముక్కలు కుక్కకు వేసింది. నానమ్మ ఊరుకుంటుందా! "ఏంది కొడుకా, రొట్టె కొట్టరాక గరిటెతోని పోస్తున్నవా?"

తర్వాత ఆమే జొన్నపిండి డబ్బా ముందుకు తోసింది. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో ఉండదు, అందుకే పిండికి సాగే గుణం రాదు. దానికే మన వాళ్లు ఎసరు నీళ్లు పోసి కలుపుతారు. వేడికి పిండి ఉడికి జిగురొస్తుంది. ఇది నేను ఇంజినీరింగ్‌లో చదవలేదు, నానమ్మ దగ్గర చూశా. "పిండిల ఉడుకు నీళ్లు పొయ్యి, సల్లారనియ్యి, అటెన్క నీ గుడ్డు కొట్టుకో" అంది. అట్లాగే చేశా.

కొలతలు కావాలంటే ఇవి. అరకప్పు జొన్నపిండి తడిసేంత మరిగే నీళ్లు పోసి కలిపి చల్లారనివ్వాలి. కప్పు ఓట్స్‌లో సగమే మిక్సీ పట్టాలి, మిగతా సగం అట్లనే వేయాలి. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది. అది కడుపులో జిగురుగా మారి, చక్కెర రక్తంలో కలిసే వేగం తగ్గిస్తుంది. మరీ మెత్తగా పొడి చేస్తే త్వరగా అరిగి ఆ లాభం తగ్గిపోతుంది. రెండూ కలిపి, ముప్పావు కప్పు పెరుగు, రెండు గుడ్లు, ఉప్పు వేసి పావుగంట పక్కన పెట్టాలి. ఓట్స్ తడిని బాగా పీల్చుకుంటాయి, గట్టిపడితే కాసిన్ని నీళ్లు పోసుకోవచ్చు. చివర్లో అర చెంచా బేకింగ్ పౌడర్. బాపుకు కాబట్టి అరటిపండు తీసేసి ఉల్లిగడ్డ, పచ్చిమిరప, గుప్పెడు మెంతికూర తరిగి వేశా. సన్న సెగ, మూత, పైన బుడగలు వచ్చి అంచులు ఆరాకే తిప్పాలి. తొందరపడితే కుక్కకే.

మాకు మాత్రం తీపివి పోశా, మెంతి, ఉల్లి లేకుండా. మేపుల్ సిరప్ మా కిరాణాలో అడిగితే దగ్గు మందు చూపిస్తారు. దానికి బదులు ఇప్పపువ్వు. ఉట్నూర్ వైపు గోండు ఆడవాళ్లు ఎండబెట్టి అమ్మే పువ్వు ఇంట్లో ఉంది. ఆదిలాబాద్ జిల్లా మహిళలు చేసే ఇప్పపువ్వు వంటకాల గురించి 2025 మార్చిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు. కేసరాలు, ఇసుక ఏరేసి, కడిగి, కప్పు పువ్వుకు రెండు కప్పుల నీళ్లు పోసి మరిగించి వడగట్టి మళ్లీ దగ్గరికి కాచితే చిక్కటి పాకం వస్తుంది. చక్కెర వేయక్కర్లేదు. వాసన కొంచెం ఘాటే, నాకు రెండో ముద్దకు అలవాటైంది. పువ్వులోనే చక్కెర ఉంటుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. బాపు ఆ గిన్నె వైపు రెండుసార్లు చూశాడు, నేను జరిపేశా.

టైము పదిన్నర. వాకిట్లో ఎండలో చాప వేసుకుని కూర్చున్నాం. బాపు మొదటి ముక్క తుంచి వాసన చూశాడు.

"గిండ్ల జొన్న కలిపినవా?"

కలిపానన్నా. గటక గుర్తొచ్చి పక్కన పెడతాడేమో అనుకున్నా. టమాటా తొక్కు అడిగాడు. రెండు తిన్నాడు. మూడోది సగం తిని, "మా అవ్వ సద్ది రొట్టెకు మెంతికూర ఏస్తుండె" అన్నాడు, నానమ్మ వైపు చూడకుండానే. నానమ్మ కూడా ఏం మాట్లాడలేదు, మిగిలిన సగం తన ప్లేట్లో వేసుకుంది. రెండు గంటల తర్వాత వేలు పొడిపించుకోమంటే ఎప్పటిలా తప్పించుకోలేదు. మీటర్ 172 చూపించింది. అంతకుముందు రోజు అన్నం తిన్నాక 231. జొన్నలోనూ పిండిపదార్థం ఉంటుంది, మాత్రలు మానే పని లేదు, ఒక్క రీడింగుతో ఏమీ తేలదు. అయినా ఆ రెండు అంకెలూ బాపే క్యాలెండర్ మీద రాసుకున్నాడు.

సోమవారం పొద్దున స్టాండప్ కాల్‌కు అందేలా రాత్రి బస్సెక్కా. బుధవారం అమ్మ ఫోన్. జొన్నలు పట్టించడానికి బాపు గిర్నీకి పోయిండట. "ఓట్స్ మాత్రం ఇంక తేకు, ఉన్నయి ఒడిసినంక సూద్దాం అన్నడు."