తాళం వేసిన ఇంట్లో మోగిన ఫోను

ఉత్కంఠ కలిగించాలంటే చీకటి, దయ్యం, కత్తి పట్టిన చేయి ఉండి తీరాలని చాలామంది భావిస్తారు. మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న మా అమ్మాయి కూడ అయిదు నిమిషాల లఘుచిత్రం తీయవలసి వచ్చినప్పుడు మొదట అటువంటి కథనే రాసుకున్నది. సంభాషణలు ఉండరాదనీ, ఉత్కంఠ కేవలం షాట్ల కూర్పుతోనే కలగాలనీ అధ్యాపకుల నియమం. ముసుగు దొంగ వేషం వేసిన మిత్రుణ్ణి చూసి అందరికీ నవ్వు రావడంతో ఆ కథ మూలపడింది. అప్పుడు అమ్మాయి తల్లిని అడిగింది: "అమ్మా, నువ్వు అన్నిటికంటె ఎక్కువ భయపడిన రాత్రి ఏది?"

ఆ రాత్రి మా ఇద్దరికీ గుర్తున్నదే. మాలో ఒకరిది కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం. మరొకరిది ఇంట్లో ఎదురుచూసే ఉద్యోగం. 1999 వానాకాలంలో ఒకనాడు బి షిఫ్టు ముగిసే వేళకు రిలీవరు రాలేదు. తెల్లవారేదాకా డ్యూటీలో ఉండవలసి వచ్చింది. అప్పటికి మా క్వార్టరులో ఫోను లేదు. ఏ కబురైనా పక్క క్వార్టరు వారి నంబరుకే రావాలి. ఆ నంబరుకు మూడుసార్లు ఫోను చేయడమైనది. వారు ఆ సాయంత్రమే ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్ళారని కర్మాగారంలో ఉన్నవారికి తెలియదు. గోడ అవతల మోగుతున్న ఫోను తమ కోసమేనని ఇంట్లో ఉన్నవారికి తెలియదు.

ఈ ఉదంతంలో ఉత్కంఠకు కావలసిన సామగ్రి అంతా ఉన్నదని అమ్మాయి వెంటనే గ్రహించింది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో జరిపిన సంభాషణలో ఒక ఉదాహరణ చెప్పాడు. బల్ల కింద బాంబు ఉన్నట్లు ప్రేక్షకునికి తెలియకుండా అది పేలితే కలిగేది కొన్ని క్షణాల విస్మయం మాత్రమే. బాంబు ఉన్నదని ముందే చూపి, బల్ల చుట్టూ కూర్చున్నవారు మాత్రం నిశ్చింతగా కబుర్లాడుతుంటే ప్రేక్షకుడు నిమిషాల తరబడి తల్లడిల్లుతాడు. అంటే ఉత్కంఠ దాచడంలో లేదు, చెప్పడంలో ఉన్నది. పాత్రకు తెలియనిది మనకు తెలియాలి.

అందువల్ల చిత్రంలో మొదటి షాటు ఫోను చేస్తున్న చేతిదే. కర్మాగారం లోపల చిత్రీకరణకు అనుమతి ఉండదు కనుక, మా ఇంటి గోడ ముందే బల్ల వేసి, దానిమీద హెల్మెట్టు, పాత టెలిఫోను పెట్టి క్లోజప్‌లో తీశారు. క్లోజప్‌కు ఉన్న సుగుణమిది: చూపినది కొంచెమే అయినా, చూపని కర్మాగారాన్ని ప్రేక్షకుడే ఊహించుకుంటాడు. రెండవ షాటు చీకటి గదిలో మోగుతున్న ఫోను. మూడవది తలుపుకు వేలాడుతున్న తాళం. ఈ మూడింటితో రహస్యమంతా ప్రేక్షకుని చేతికి వచ్చింది.

ఆ తరువాతి షాటు బాల్కనీలో నిలుచున్న ఇల్లాలి చూపు. దూరాన దీపస్తంభం కింద షిఫ్టు బస్సు ఆగుతుంది. నలుగురు దిగి చెరొక దారిన వెళ్ళిపోతారు. బస్సు కదిలిపోతుంది. మొదట అమ్మాయి ఆ షాటును అక్కడే కత్తిరించింది. తల్లి ఒప్పుకోలేదు. "బస్సు వెళ్ళిపోగానే ఎవరూ లోపలికి రారు. ఇంకా ఎవరైనా దిగి ఉంటారేమోనని చూస్తూనే ఉంటారు," అన్నది. కెమెరా కదలకుండా మరి పన్నెండు సెకన్లు ఆ ఖాళీ రోడ్డు మీదనే నిలిచింది. చిత్రంలో అతి భయంకరమైన దృశ్యం అదే. అందులో ఏమీ లేదు.

హిచ్‌కాక్ 'నొటోరియస్' (1946) చిత్రంలో ఒక విందు దృశ్యం ఉన్నది. కెమెరా ఎత్తు నుంచి హాలంతా చూపుతూ, క్రమంగా కిందికి దిగి, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ గుప్పిట్లోని తాళంచెవి దగ్గర ఆగుతుంది. అంతటి క్రేను విద్యార్థులకు ఎక్కడిది? మా అమ్మాయి మెట్ల మలుపులో స్టాండు మీద కెమెరా పెట్టి, మా తలుపు, పక్కవారి తలుపు ఒకే ఫ్రేములో వచ్చే లాంగ్ షాట్ తీసింది. ఇల్లాలి పాత్ర ధరించిన స్నేహితురాలు బయటికి వస్తుంది. మెట్ల వైపు తొంగిచూస్తుంది. లోపల ఫోను మోగుతుంది. ఆమె ఒకసారి తాళం వైపు చూసి, పాపం ఎవరో వారి బంధువులు కాబోలుననుకున్నట్లు తిరిగి లోపలికి వెళ్తుంది. ఆమె ముఖాన్ని క్లోజప్‌లో చూపి ఉంటే మనం ఆమెను మాత్రమే చూసేవారం. దూరం నుంచి చూపడం వల్ల ఆమెకూ కబురుకూ మధ్య ఉన్నది ఒక్క గోడేనని కళ్ళకు కట్టింది.

ముగింపు విషయంలో తల్లీకూతుళ్ళకు వాదన జరిగింది. తెల్లవారుజామున మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించగానే, వచ్చినదెవరో చూపకుండా ఆపివేయాలని అమ్మాయి పట్టు. అంతసేపు కూర్చోబెట్టి మనిషిని చూపకపోతే అన్యాయమని తల్లి మాట. ఈ విషయంలో హిచ్‌కాక్ సాక్ష్యం తల్లి పక్షానే ఉన్నది. 'సబొటాజ్' (1936)లో బాంబు మోసుకుపోతున్న పిల్లవాణ్ణి చంపివేయడం పొరపాటని ఆయన తరువాత అంగీకరించాడు. ఉత్కంఠతో బిగబట్టించిన ఊపిరిని మళ్ళీ వదిలించే బాధ్యత దర్శకునిదే. తల్లి మాటే నెగ్గింది.

కళాశాలలో ప్రదర్శన నాడు మేమిద్దరం వెనుక వరుసలో కూర్చున్నాము. ఆ రాత్రి ముచ్చట ఇరవై ఏళ్ళకు పైగా మేము నవ్వుతూ చెప్పుకున్నదే. అయితే మాలో ఒకరికి ఫోను చేసిన కొస మాత్రమే తెలుసు. మరొకరికి గోడ అవతలి మోత మాత్రమే తెలుసు. రెండు కొసలనూ ఒకచోట చేర్చి చూడడం మాకు అదే మొదటిసారి. షిఫ్టు కుటుంబాలలో ప్రతి ఇంటికీ ఇటువంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది. ఒకరు సగం, మరొకరు సగం పంచుకున్న రాత్రి.

తెర మీద తలుపు తెరుచుకుని, తడిసిన మనిషి గుమ్మంలో నిలుచున్నప్పుడు, కథ ముగింపు తెలిసిన మేమిద్దరమే అందరికంటె గట్టిగా నిట్టూర్చాము.