ఖాళీ గడిలో ఏముంటుంది?

కోబాల్ భాషలో ఒక గడికి పేరు పెట్టి, అందులో ఎన్ని అంకెలు పట్టాలో కూడా చెప్పి, తొలి విలువ మాత్రం ఇవ్వకుండా వదిలేస్తే ఆ గడిలో ఏముంటుంది? సున్నా ఉంటుందనుకుంటాం. ఉండాలని ఏమీ లేదు. భాష ప్రమాణం ప్రకారం అక్కడ ఏముంటుందో చెప్పలేం. ఆ చోటుని అంతకు ముందు వాడుకున్న పని వదిలేసి పోయిన చెత్త ఉండొచ్చు.

ఈ సంగతి నాకు చెప్పింది మా చిన్నమ్మ. అమ్రాబాద్‌లో బడి చదువు చదివి, 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుంది. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే లెక్క తప్పుతాయన్న భయం మన పిల్లలెందరికో ఉద్యోగాలిచ్చిన కాలం అది. 1959లో ఈ భాష పుట్టుకకు దారితీసిన సమావేశం కావాలని పట్టుబట్టింది మేరీ హాస్ అనీ, రూపకల్పనలో జీన్ సామెట్, గెర్ట్రూడ్ టియర్నీ పనిచేశారనీ, గ్రేస్ హాపర్ తయారుచేసిన ఫ్లో-మాటిక్ దీనికి పునాది అనీ చిన్నమ్మకి ఏ క్లాసులోనూ చెప్పలేదు. నేను చదివి చెప్తే నవ్వింది.

కొన్ని కంపైలర్లు దయగలవి. గ్నూ కోబాల్ మామూలుగా అంకెల గడిలో సున్నా, అక్షరాల గడిలో ఖాళీలు తానే నింపేస్తుంది. పెద్ద మెయిన్‌ఫ్రేముల్లో ఆ భరోసా లేదు. కుదించి దాచే అంకెల గడిలో చెత్త ఉండగా కూడిక చేయబోతే, 'ఎస్ జీరో సి సెవెన్' అనే తప్పు చూపించి ప్రోగ్రాము అర్ధరాత్రి ఆగిపోతుంది. "ఆగిపోతేనే నయం బిడ్డా. ఆగకుంట తప్పుడు లెక్క పంపితే ఎవలు సూడొచ్చిండ్రు?" అంటుంది చిన్నమ్మ. గడులన్నిటినీ ఒక్కసారే శుభ్రం చేసే 'ఇనిషియలైజ్' అనే ఆజ్ఞ ఉంది. అదీ, ప్రత్యేకంగా చెప్తే తప్ప, పేరు లేని గడుల్ని ముట్టుకోదు. వాటిని 'ఫిల్లర్' అంటారు.

ఇదంతా వింటుంటే నాకు మన సాహిత్య చరిత్ర గుర్తొచ్చింది. తొలి తెలుగు కథ 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' అని చదువుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి'లో వచ్చింది. 1910కి ముందున్న గడిని ఎవరూ తెరిచి చూడకుండానే అక్కడ సున్నా ఉందనుకున్నారు. సున్నా ఒక జవాబు. లెక్కపెట్టాక ఏమీ లేదని తేలితే వేసేది. లెక్కే పెట్టని చోట సున్నా వేయడం పితృస్వామ్యానికి బాగా అలవాటైన పని. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు ఏం చేశారన్న గడి కూడా అలాగే ఉండేది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఆ స్త్రీలనే వెళ్లి అడిగారు కాబట్టి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది.

అమ్రాబాద్ చుట్టుపక్కల పెద్దవయసు ఆడవాళ్ల పాటల్ని నేను కొన్నేళ్లుగా సేకరిస్తున్నాను. వాటిని దాచడానికి ఒప్పుకున్న ఒక సంస్థ పట్టికలో, వృత్తి గడి వదిలేస్తే 'గృహిణి' అని దానంతటదే పడుతుంది. అడవిలో బంకా గడ్డలూ ఏరి, పత్తి చేలలో కూలికి పోయి బతికిన చెంచు స్త్రీలు కూడా అందులో గృహిణులే! పాడినవారి పేరు రాయకపోతే పై వరుసలోని పేరే కిందికి దిగుతుంది. ఒకామె పాట మరొకామెది అయిపోతుంది.

ఖాళీకి బదులు మూడు మాటలు కావాలని అడిగాను: 'అడగలేదు', 'తెలియదు', 'చెప్పనన్నది'. "ఖాళీ ఖాళీయే కదండీ, మూడెందుకు?" అన్నారు. మొదటిది నా పని మిగిలి ఉందని చెప్తుంది. రెండోది ఆమెకున్న జ్ఞాపకం హద్దు. మూడోది ఆమె నిర్ణయం. 2019లో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా ఇక్కడి ఊళ్లు కదిలాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లకు పేరు చెప్తే ఏమవుతుందో అన్న జాగ్రత్త ఈ ఊళ్లలో ఉత్తినే పుట్టలేదు. "పేరెందుకు బిడ్డా, పాట రాసుకపో" అన్నది ఒక పెద్దమ్మ. అది మౌనం కాదు. జవాబే.

మన స్త్రీవాద విమర్శ మౌనాలని చదవడం నేర్పింది. కానీ ప్రతి మౌనాన్నీ అణచివేతగానే చదివితే, మనమూ ఆ దయగల కంపైలర్ చేసిన పనే చేస్తున్నామేమో. ఆమె చెప్పనన్న చోట మన విలువని నింపుతున్నామేమో.

వాదించగా వాదించగా పట్టికలో మొదటి రెండు మాటలు చేర్చారు. మూడోదానికి ఇంకా ఒప్పుకోలేదు. అందాకా ఆ పెద్దమ్మ పాట నా దగ్గరే ఉంటుంది.