దీపపు వెలుగున ఛాయాచిత్రము

మా పావగడ తుమకూరు జిల్లాలోనిదైనను, దాని పొలిమేరలను అధికభాగము ఆంధ్రదేశమే చుట్టియున్నది. పగటివేళ ఇచ్చట వెలుగునకు కొదువ లేదు. తిరుమణి ప్రాంతపు పొలములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమే వెలసినది. అయినను మన కుటుంబములు పదిలపరచుకొనవలసిన దృశ్యములు పెక్కులు రాత్రివేళవి. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు నను రీతిని జీవించు మనకు పెండ్లిపాటలును మంగళహారతులును దీపముల చెంతనే దక్కినవి. వానిని పాడు పెద్దలు ఒక్కొక్కరే దాటిపోవుచున్నారు. కావున మందకాంతిలో పనికివచ్చు లెన్సును ఎన్నుకొను విధమును మనవి చేయుచున్నాము.

చిరకాలము గుమాస్తాగిరి చేసిన మాకు ఇదియు నొక పద్దుగానే తోచును. లెన్సు నాభ్యంతరమును, వెలుగు ప్రవేశించు రంధ్రపు వ్యాసముచే భాగించగా వచ్చునది ఎఫ్ సంఖ్య. ఆ సంఖ్య తగ్గినకొలది వెలుగు హెచ్చును. 50 మిల్లీమీటర్ల లెన్సునకు ఎఫ్/1.8 వద్ద రంధ్రము సుమారు 28 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6 వద్ద 9 మాత్రమే. కెమెరాతో వచ్చు సాధారణపు జూమ్ లెన్సు దూరపు వస్తువును దగ్గరగా చూపునపుడు తరచుగా ఈ 5.6 కడకే చేరును. మొదటిది దాదాపు పదిరెట్లు వెలుగు నిచ్చును గనుక, సెకనులో ఆరవవంతు పట్టు చిత్రము అరువదవవంతులో ముగియును. చేతివణకు నణచు ఏర్పాటు లెన్సులో నున్నను, పాడువారి పెదవుల కదలికను అది ఆపజాలదు. ఐ.ఎస్.ఓ. మిక్కిలి పెంచినచో చిత్రముపై ఇసుక చల్లినట్లగును.

ఫ్లాష్ ఉన్నది గదా యందురేమో. మన పొరుగున నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుగన్నది. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆ యాటలో దీపము తెర వెనుక నుండును. రంగుల తోలుగుండ వచ్చు వెలుగే బొమ్మకు ప్రాణము. ముందునుండి ఫ్లాష్ వేసినచో తెర తెల్లబారి బొమ్మ వెలవెలబోవును.

మనుష్యుల ముఖములును అట్టివే. మా యింట నొక పెండ్లిలో మా వదినెగారు హారతి పాడుచుండగా, కుదిర్చిన ఛాయాగ్రాహకుడు ఫ్లాష్ వేసెను. ఆ చిత్రమున ఆమె కన్నులు మూతబడినవి. మా మనుమడు 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సుతో పళ్లెములోని దీపపు వెలుగునే నమ్మి మరియొకటి తీసెను. మరుసటి యేడు ఆమె గతించినది. ఆమె పాట మాకు రాదు; పాడునపుడు ఆమె ముఖమెట్లుండెనో మాత్రము మా పిల్లలకు చూపగలుగుచున్నాము.

స్టాన్లీ కూబ్రిక్ 1975 నాటి ‘బారీ లిండన్’ చిత్రములో క్రొవ్వొత్తుల వెలుగునకై త్సైస్ వారి ఎఫ్/0.7 లెన్సులను వాడెను. మనకంతటిది అక్కరలేదు. కెమెరాలోని గ్రాహకఫలకము చిన్నదైనచో ఇరుకు గదులకు 35 మిల్లీమీటర్లది, పెద్దదైనచో 50 మిల్లీమీటర్లది, ఎఫ్/1.8 గలది చాలును. అయితే 50 మిల్లీమీటర్ల లెన్సు రెండు మీటర్ల దూరమున జానెడు లోతునైనను స్పష్టముగా చూపదు. కావున దగ్గరి కంటిపైననే దృష్టి నిలుపవలెను.

చిత్రము అచ్చువేయించిన పిదప వెనుక పేరు, ఊరు, పాట మొదటి మాట, తేది వ్రాసియుంచుడు. అవి లేని చిత్రము చేవ్రాలు లేని దస్తావేజు వంటిది.